పగలంతా మంచమే

జూన్ 18, మంగళవారం

నా భార్య బుల్లమ్మకి నొప్పి ఎప్పుడొచ్చింది, ఎంతసేపు ఉంది, మాత్ర వేస్తే తగ్గిందా లేదా, రోజూ రాసి తెమ్మంది ఆసుపత్రిలో నర్సమ్మ. రాయడం వచ్చా తాతా అని అడిగింది. రాత్రిబడిలో రెండేళ్లు చదివినవాణ్ణి, ఒకప్పుడు మా పేటలో ఉత్తరాలన్నీ నేనే చదివేవాణ్ణి అన్నాను. రెండేళ్లు కాదు, ఒక్క వేసవి. ఆ సంగతి ఆమెకెందుకు.

రొయ్యల మేత కంపెనీ వాళ్లిచ్చిన డైరీ అటక మీద ఉంటే దించాను.

నొప్పి: పొద్దున. మళ్లీ రైల్లో వస్తుంటే. మాత్ర వేసింది. తగ్గింది.

అదీ అయిపోయింది. పేజీలో ఇంకా బోలెడు చోటు. ఈవేళ జరిగింది రాసుకుంటాను. నర్సమ్మకి చూపించేది వేరే కాగితం మీద ఎక్కిస్తాను. ఇది నాది.

బుల్లమ్మ అంగిలి మీద పుండు లేచి ఏడాది కావస్తోంది. మందుల షాపాయన పూసుకునే మందిచ్చాడు. చిన్నాసుపత్రికి తీసుకెళితే, "చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది, మామ్మ గట్టిగానే ఉంది, ఏం కాదు" అని బలం బిళ్లలిచ్చి పంపారు. వెళ్లిన ప్రతిసారీ అదే మాట, అవే బిళ్లలు. నడిచి వెళ్లినవాళ్లని ఎవరూ లెక్కచేయరు. అది నాకు బాగా తెలిసొచ్చింది.

అందుకే ఈవేళ విశాఖపట్నం పెద్దాసుపత్రి గుమ్మంలో చక్రాల కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఒడిసి పట్టుకున్నాను.

"కూకో," అన్నాను.

"ఎవులు, నాను కూకోనా? నాకేటయింది?"

"కూకోయే. నడిసెల్లినోళ్లకి బిళ్లలిస్తారు. కుర్చీలో ఎల్లినోళ్లకి వైద్దిగం సేస్తారు. ఆ వరస సూడు."

వరస మెట్ల దాకా ఉంది. అది చూసి కూర్చుంది. నేను తోశాను. ముందు చక్రం ఒకటి వంకర. నేలంతా గతుకులు.

"మెల్లగా, మావా. కుదిపేత్తన్నావు. పడవేటి ఇది?"

"మూలుగు."

"ఎలగ?"

"నొప్పొచ్చినోళ్లెలగ మూలుగుతారో అలగ."

నొప్పి దానికి రోజూ ఉంది. మూలగడమే ఎప్పుడూ లేదు. కాసేపు ఆలోచించి "అమ్మోయ్" అని ఒక్క కేక పెట్టింది. మా పక్కింటి మేక ఈనినప్పుడు కూడా అలా అరవలేదు. వరసలో ఉన్న జనమంతా తిరిగి చూశారు. బుల్లమ్మ కొంగు ముఖం మీద వేసుకుని నవ్వుతోంది. వెనకనుంచి చూస్తే భుజాలు ఎగిరిపడి ఏడుస్తున్నట్టే ఉంది. నేను పళ్లు బిగబట్టుకుని తోశాను.

వరసలో ఒకామె బుగ్గ వాచి నిలబడి ఉంది. మాకన్నా పెద్దది. "పాపం, ముందెల్లనీయండి," అంది. పేరు కూర్మమ్మట. నెల్లిమర్ల నుంచి వచ్చారు. ఆమె మొగుడి పేరు దేవేంద్ర, జూట్ మిల్లులో పనిచేసి మానేసినవాడు. ఒక పక్కకి జరిగాడు గాని ఊరుకోలేదు.

"మాదీ నోటి జబ్బేనండి. మా ఆడది పొద్దున్నించీ నిలబడే ఉన్నాది."

"నిలబడగలిగినోళ్లు నిలబడతారు," అని తోసుకుపోయాను.

డాక్టరమ్మ పేరు సుహాసిని. చిన్నపిల్ల. లైటు వేసి నోట్లోకి చూసింది. చాలాసేపు చూసింది.

"చుట్ట తాగుతారా మామ్మా? నిప్పు లోపలికి పెట్టుకునా?"

"మరేటి? బయటికి పెడితే సముద్రం గాలికి ఆరిపోదా?" అంది బుల్లమ్మ.

మా పేటలో ఆడవాళ్లందరిదీ అడ్డపొగే. మా అమ్మ కూడా అలాగే తాగింది. పళ్లన్నీ ఊడేదాకా బతికింది. ఆ మాట డాక్టరమ్మతో అన్నాను. ఆమె పట్టించుకోలేదు. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపింది. ఫొటోలు తీయించమంది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. బుల్లమ్మ నోరు తెరిచేలోగా నేనే చెప్పాను. నోరు నొప్పిగా ఉన్నవాళ్లని మాట్లాడించడమెందుకు.

"ఇంటి పని చేసుకుంటారా?"

"నేదమ్మా. అన్నీ నానే. కాలు కింద పెట్టనీను."

"తిండీ స్నానం?"

"మంచం కాడికే."

"పగలు ఎంతసేపు పడుకుని ఉంటారు?"

"పగలంతా మంచమేనమ్మా. లెగనేదు."

బుల్లమ్మ నావైపు తిరిగి చూసింది. తర్వాత తల వంచుకుంది. డాక్టరమ్మ రాసుకుంది.

పొద్దున కోడి కూయకముందే అది తీరానికి పోయి నెత్తళ్ల చేపలు కొని, రెండు వీధులు తిరిగి అమ్మి, నాకు అన్నం వండి పెట్టి, అప్పుడు ఆమదాలవలసలో రైలెక్కింది.

తిరుగు రైల్లో అడిగింది. "నాను మంచమ్మీంచి లెగనా? నీ కడుపులో కూడు ఎవులు వండినారు?"

"ఒల్లకోయే. పెద్ద జబ్బంటే పెద్ద మందు."

నేను చేసింది మంచి పని.


జూన్ 19

నొప్పి: రాత్రి కొంచెం. మాత్ర. తెల్లారి తట్ట పట్టుకుని పోయింది. వద్దంటే వినదు.


జూన్ 22, శనివారం

చుట్ట మానేయమంది డాక్టరమ్మ. మానేసింది. ఒక్క మాట అనకుండా మానేసింది.

దానికి చుట్టలు చుట్టేది నేనే. ఇంకొకరు చుడితే ఊడిపోతాయి. పొగాకు కట్ట దూలానికి ఇంకా వేలాడుతూనే ఉంది. సాయంత్రం చేతులు ఊరుకోక రెండు చుట్టాను. మళ్లీ విప్పేశాను.


జూలై 2, మంగళవారం

డాక్టర్లంతా శుక్రవారం కూర్చుని బుల్లమ్మ కాగితాలు చూశారట. ఒక్కరు చెప్పేది కాదట, కోసేవాళ్లు, పుండుకి కరెంటు పెట్టేవాళ్లు, మందులిచ్చేవాళ్లు అందరూ కలిసి పుస్తకం ప్రకారం తేలుస్తారట. నా భార్య కోసం అంతమంది కూర్చున్నారు. ఆ కుర్చీయే లేకపోతే కూర్చునేవారా?

తేల్చింది ఇది. ఆపరేషన్ లేదు. అయిదు రోజులు కరెంటు. తర్వాత మాత్రలు. అంతే.

సంబరంతో నేను బల్ల గుద్దినంత పని చేశాను. దేవేంద్ర అక్కడే ఉన్నాడు. వాళ్ల కూర్మమ్మకి బుగ్గ కోసి పై దవడ తీసేస్తారట. కరెంటు పెట్టేముందు పళ్లన్నీ పీకేస్తారట. తర్వాత నెలన్నర కరెంటు. పాపం, వాళ్లది బాగా ముదిరిపోయినట్టుంది. "గుండె దిటవు చేసుకోండి" అని చెప్పాను.

డాక్టరమ్మ ఇంకా ఏదో చెప్పింది. "మామ్మ ఇంతగా మంచాన పడి ఉన్నారు కదా తాతా, పెద్ద ఆపరేషన్‌కి తట్టుకోలేరు. ఈ కరెంటు నయం చేయడానికి కాదు, బాధ తగ్గించడానికి," అంది. బాధ తగ్గితే నయం కానట్టా? పట్నం చదువులు.


జూలై 8, సోమవారం

మొదటి కరెంటు. ముఖానికి వలలాంటి తొడుగు వేసి బల్లకి బిగించారు. బయటికొచ్చాక బుల్లమ్మ ముఖమంతా గళ్లు పడ్డాయి.

"కవ్వళ్ల వలలో పడినట్టున్నానా?" అంది.

"కవ్వాయి సేప ఇంత లావుంటాదేటే?"

ఈ అయిదు రోజులూ పట్నంలో చుట్టాలింట్లోనే. పొద్దున గేటు దాకా నడిచి వచ్చింది. గేటు దాటాక కుర్చీ ఎక్కింది. నడిపించి తీసుకెళదామా అని ఒక్క క్షణం అనిపించింది. మంచం మీంచి లేవదని చెప్పినవాణ్ణి నేను. మాట మారిస్తే నాకు పరువేముంటుంది. తోశాను.


జూలై 12

అయిపోయింది. డాక్టరమ్మ బుల్లమ్మ చేతులు రెండూ పట్టుకుంది. "ఏ బాధ వచ్చినా రండి మామ్మా," అంది. మంచి పిల్ల.


జూలై 30

నొప్పి లేదు. నొప్పి లేదు అని రాయడం బాగుంది. ఇంకోసారి రాస్తాను. నొప్పి లేదు.

చోడంబలి రెండు గిన్నెలు తాగింది. తట్టెత్తుకుని పోయింది. వలలు అల్లే పాకలో అందరికీ చెప్పాను, ఆసుపత్రికి ఎలా వెళ్లాలో. "నడిసెల్తే సావే. కుర్చీ ఎక్కించండి. సగం జబ్బు కుర్చీలోనే పోతాది." అందరూ తల ఊపారు. ఈ వయసులో కూడా నా మాట వినేవాళ్లున్నారు.


ఆగస్టు 11

బుల్లమ్మ మెడ పక్కన గోలీ అంత కాయ. పట్టేసి ఉంటుంది. తట్ట బరువు.


ఆగస్టు 17

ఆవనూనె రాశాను. తగ్గలేదు.


ఆగస్టు 21

నొప్పి: రాత్రంతా. మాత్ర రెండు. కాయ నిమ్మకాయంత అయింది. దేవికి కబురు పెట్టాను. మా కూతురు పొరుగూర్లోనే ఉంది. వచ్చి తల్లి మెడ తడిమి, నన్ను చూసి, ఏమీ అనకుండా పొయ్యి దగ్గరికి పోయింది. దేవి ఏమీ అనకపోవడం మంచిది కాదు.


ఆగస్టు 27, మంగళవారం

ఈవేళది రాయకూడదనుకున్నాను. రాస్తాను.

ప్యాసింజరు నెల్లిమర్లలో ఆగితే దేవేంద్ర, కూర్మమ్మ ఎక్కారు. మా ఎదురుగానే కూర్చున్నారు. ఆమె బుగ్గ లోపలికి పోయింది. కుట్ల గీత ఉంది. అంగిలి ఉండాల్సిన చోట కట్టుడు పలక పెట్టారట. మాట ముక్కులోంచి వస్తోంది. కాని కళ్లు బాగున్నాయి. ఇడ్లీ నలిపి తింటోంది.

ఆమె బుల్లమ్మని చూసి ఆగిపోయింది. "కుర్చీలో ఉన్నది నువ్వే గదమ్మా! లేసి తిరుగుతన్నావే! నీకేటి మందిచ్చారు?"

బుల్లమ్మ నావైపు చూపించింది. "ఆ మందే."

దేవేంద్ర నవ్వాడు. మాటా మాటా కలిసింది. వాళ్లదీ అడ్డపొగే, వాళ్లదీ అంగిలి మీదే, అంతే పుండు. కూర్మమ్మకి డెబ్బై దాటాయి. మరి మాకెందుకు ఆపరేషన్ చేయలేదు అన్నాను.

"ఏమో బావా. మమ్మల్ని అడిగినారు, మంచమ్మీదుంటాదా తిరుగుతాదా అని. రోజూ సంతకెల్లి కూరలు తెచ్చుకుంటాదని సెప్పినాను. అయితే తట్టుకుంటాదిలే అన్నారు."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. విజయనగరం వచ్చింది, పోయింది. బుల్లమ్మ వేరుశనక్కాయలు కొనమంది. కొన్నాను. నమల్లేనని గుర్తొచ్చి నాకే పెట్టింది.

ఆసుపత్రికి చేరేసరికి నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు మంచిది, భయం తెలియదు. బుల్లమ్మని బరువు చూడ్డానికి పిలిస్తే పంపించి, నేను ఒక్కణ్ణీ డాక్టరమ్మ గదిలోకి పోయాను.

"ఒక జబ్బుకి రెండు మందులేటమ్మా? మిల్లోళ్లకి ఒక పుస్తకం, సముద్రపోళ్లకి ఒక పుస్తకమా? మేం సేపల కంపు కొడతన్నామా?"

కేకలు విని బయట జనం తలుపు దగ్గరికి వచ్చారు. ఆమె లేచి తలుపు వేసింది. నా ముందు స్టూలు పెట్టింది.

"ఒకటే పుస్తకం తాతా. దేశంలో ఎక్కడికెళ్లినా ఇదే. ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఇదే."

కంప్యూటరు నావైపు తిప్పింది. ఇంగ్లీషు. గళ్లు గళ్లుగా ఉంది. వేలు పెట్టి చూపించింది. "ఇదే జబ్బు, ఇంతే ముదిరింది. కాని లేచి తిరుగుతూ పనులు చేసుకునేవాళ్లు ఈ వరస. ఆపరేషన్, తర్వాత నెలన్నర కరెంటు. సగం పొద్దుకన్నా ఎక్కువ మంచంలో ఉండేవాళ్లు ఈ కింది వరస. వాళ్లకి దవడ తీస్తే ఆ నెలలోనే పోతారు. ఎన్నో వేలమందిని చూసి రాసింది తాతా ఇది. బలం లేనివాళ్లని మేం చంపేయకుండా కాపాడేది ఇదే."

"మరి మా బుల్లమ్మని..."

"పగలంతా మంచమే అన్నారు మీరు. లేవదు అన్నారు."

అప్పుడు బుల్లమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. బరువు చీటీ చేతిలో ఉంది. కుర్చీ లేదు. ఈసారి నేను కుర్చీ సంగతే మర్చిపోయాను.

డాక్టరమ్మ దాని ముఖం చూడలేదు. కాళ్లు చూసింది. ఇసకలో తట్టతో నడిచిన కాళ్లు. మడమలు పగిలి రాయిలా ఉంటాయి. మంచాన పడ్డవాళ్ల కాళ్లు అలా ఉండవని నాకే తెలుసు, ఆమెకి తెలియదా.

"మామ్మా, మీరు రోజూ నడుస్తారా?" అంది.

"నడవకపోతే సేపలెవులు అమ్ముతారు తల్లీ?"

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. "నేనూ ఒక్కసారి లేచి నిలబడమని అడగాల్సింది," అంది, నాతో కాదు.

"నానబద్దం ఆడతానని నీకెలా తెల్సమ్మా," అన్నాను.

మళ్లీ ఫొటోలు తీశారు. శుక్రవారం మళ్లీ అందరూ కూర్చుంటారట.

ఇంటికొచ్చాక అన్నం తినలేదు. పడవ నడిపిన రోజుల్లో నాదీ ఒక పుస్తకమే. ఆషాఢం గాలుల్లో ఈత రానివాణ్ణి ఎక్కించేవాణ్ణి కాదు. సొంత తమ్ముడైనా ఒడ్డునే. ఈత వచ్చని అబద్ధం చెప్పి ఎక్కితే నేనేం చేస్తాను, సముద్రమేం చేస్తుంది. ఎంత వెతికినా ఆ పుస్తకంలో తప్పు కనిపించలేదు. అది నా మాట నమ్మింది.


ఆగస్టు 28

నొప్పి: ఉంది.


సెప్టెంబరు 3, మంగళవారం

జబ్బు పైకి తల ఎముకలోకి పాకింది. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి. ఇప్పుడు లేచి తిరిగినా ఆపరేషన్ వరసలోకి రాదట.

"జూన్‌లో సేసుంటే?" అని అడిగాను.

"చెప్పలేను తాతా. అప్పుడే లోపల మొదలై ఉండొచ్చు. ఆపరేషన్ చేసినా ఇంతే కావచ్చు."

"కాకపోవచ్చు కూడా."

"కాకపోవచ్చు కూడా."

నన్ను తిట్టమని ఎలా అడగాలో తెలియలేదు. పుస్తకంలో దీనికి వరస ఉందా అని అడిగాను. లేదంది. ఇంటికొచ్చి చూసేవాళ్లని పంపిస్తానంది, నొప్పి మందులతో.

ఆమదాలవలసలో దిగాక బుల్లమ్మ కాసేపు సిమెంటు బల్ల మీద కూర్చుంది. బియ్యం బస్తాలు దించుతున్నారు. చూస్తూ కూర్చున్నాం.

"బుల్లీ, ఆయేళ నానబద్దం సెప్తంటే, నడుస్తానని సెప్పొచ్చు గదే. నీకు నోరు నేదా?"

"నోరు బాగుంటే ఆసుపత్రికెందుకెల్తాం?" అని నవ్వబోయి, నొప్పొచ్చి చెంప పట్టుకుంది. తర్వాత అంది. "నువ్వు రొమ్ము ఇరుసుకుని సెప్తన్నావు మావా, కాలు కింద పెట్టనీనని. పెళ్లయిన కాణ్ణించి ఆ మాట నీ నోటమ్మట ఇన్నేదు. అబద్దమైతే అయింది. ఇననీ అనుకున్నాను."

నేను పట్టాల వైపు చూశాను.

"కుర్చీ కూడా బాగుంది. పుట్టిన కాణ్ణించి నాను తట్ట మోసినాను. నన్నెవులు మోసినారు?"

"లెగు, ఆటో ఎల్లిపోతాది," అన్నాను.

ఆ మాటే అన్నాను. ఇంకో మాట అనొచ్చు.


సెప్టెంబరు 5

తెల్లవార్లూ ఆలోచించాను. నడిచేవాళ్ల వరస వేరు, పడుకునేవాళ్ల వరస వేరు. ఊపిరితిత్తుల మచ్చలు నిమోనియా వచ్చినా ఉంటాయి, మా తమ్ముడికి ఉండేవి. బుల్లమ్మ బలంగా నడిచి చూపిస్తే మళ్లీ కూర్చుంటారు. రెండుసార్లు కూర్చున్నవాళ్లు మూడోసారి కూర్చోరా? రేపట్నించి రోజూ నడిపిస్తాను. డాక్టరమ్మ ముందు పరుగెత్తాలి అది.


సెప్టెంబరు 6

నడిచింది. పడవల దాకా.


సెప్టెంబరు 7

నడిచింది.


సెప్టెంబరు 10

నడిచింది. పడవల దాకా. తిరిగొచ్చేటప్పుడు ఇసకలో కూర్చుంది. సముద్రం చూడాలనిపించిందట.


సెప్టెంబరు 16

నడిచింది. వలల పాక దాకా. పాకలో ఒకడు అడిగాడు, మామ్మని కుర్చీ ఎక్కించలేదేమని. వాడితో ఇక మాట్లాడను.


సెప్టెంబరు 22

నడిచింది. వాకిలి దాకా. నొప్పి రాయడం మర్చిపోతున్నాను.


సెప్టెంబరు 29

నిలబడింది.


అక్టోబరు 4

దేవి వచ్చింది. నేను బుల్లమ్మ చంకల కింద చేతులు వేసి లేపుతున్నాను. దేవి నా చేతులు లాగేసింది.

"అమ్మనొగ్గెయ్ అయ్యా! నడిపించి సంపేత్తావేటి?"

"నడవకపోతే వరస మారదే."

"ఏ వరస? ఎవులి వరస?"

చెప్పాను. గళ్లూ వరసలూ అన్నీ చెప్పాను. దేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అమ్మ దానికోసం నడుస్తన్నాదనుకున్నావా? నీకోసం నడుస్తన్నాది. నువ్వు నడూ అంటే నడుస్తన్నాది. నువ్వు కూకో అంటే కుర్చీలో కూకున్నాది. నువ్వు సెప్పింది సెయ్యడమే దాని బతుకంతాను!"

కన్నతండ్రితో మాట్లాడే పద్ధతి కాదది. బుల్లమ్మ మంచం మీంచి చెయ్యెత్తి దేవిని ఊరుకోమంది. నన్ను ఇంకా వెనకేసుకొస్తోంది.

రేపు నడిపించను. ఎల్లుండి చూద్దాం.


అక్టోబరు 5

నడిపించలేదు.


అక్టోబరు 6

నడిపించలేదు. గంజి చెంచాతో నేనే పట్టాను. స్నానం దేవి చేయించింది. నీళ్లు నేను తోడాను. అన్నీ మంచం దగ్గరికే.


అక్టోబరు 13

మాత్రలకి నొప్పి లొంగడం లేదు. మూలగదు. దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని కొరుకుతుంది, పళ్లున్న వైపు. నేను చూడనప్పుడు.


అక్టోబరు 22, మంగళవారం

ఉష అనే నర్సమ్మ వచ్చింది, డాక్టరమ్మ పంపించిన మనిషి. శ్రీకాకుళం నుంచి స్కూటీ మీద వచ్చింది. మందుల సంచి ఉంది. చెప్పులు వాకిట్లో విడిచి, నాకు దణ్ణం పెట్టి, బుల్లమ్మ పక్కన మంచం పట్టె మీద కూర్చుంది. కాగితం తీసింది. ఆ కాగితం చూడగానే నాకు తెలిసిపోయింది ఏమడుగుతుందో.

"మామ్మ లేచి తిరుగుతున్నారా తాతా?"

"తిరుగుతాదమ్మా. ఇప్పుడే పడవల కాడికెల్లొచ్చింది."

దేవి పొయ్యి దగ్గర్నుంచి "అయ్యా" అంది. నేను ఆగలేదు.

"తన పని తనే సేసుకుంటాది. వంట కూడా."

"నొప్పి ఉందా?"

"నేదు. గట్టి మనిసి. రాయమ్మా, నడుస్తాది అని రాయి. డాట్రమ్మకి సూపించు."

ఉష రాయలేదు. బుల్లమ్మని చూసింది. దుప్పటి అంచు చూసింది. కాగితం పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చి కింద కూర్చుంది, నేల మీద, నా కాళ్ల దగ్గర.

"తాతా, నేనడిగింది ఆ వరసల కోసం కాదు. డాక్టరుగారు నాకన్నీ చెప్పారు. నొప్పి లేదు, తిరుగుతుంది అని మీరంటే, నేను ఈ చిన్న మాత్రలే ఇచ్చి పోవాలి. అది మాకు రాసిపెట్టిన పద్ధతి. ఉన్నది ఉన్నట్టు చెబితే దానికి తగిన మందు ఈ సంచిలో ఉంది. ఈవేళే ఇస్తాను. రాత్రికి మామ్మ నిద్రపోతారు."

మళ్లీ అదే. నేను చెప్పిందాన్ని బట్టి మందు.

బుల్లమ్మ కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. ఆ రోజు డాక్టరమ్మ గదిలో చూసినట్టే. నేనేం చెబితే దానికి తల వంచుకోవడానికి సిద్ధంగా.

నీళ్లు తాగాను. చెంబు కింద పెట్టాను.

"పగలంతా మంచమేనమ్మా," అన్నాను. "లెగనేదు."

అదే మాట. ఆ రోజు ఎంత సులువుగా వచ్చింది.

"తిండీ స్నానం?"

"మంచం కాడికే."

"ఎవరు చూసుకుంటున్నారు?"

"అన్నీ నానే. కాలు కింద పెట్టనీను."

ఉష రాసుకుంది. రాసుకుంటుంటే మంచం మీంచి బుల్లమ్మ, సన్నగా, మేకపిల్లంత గొంతుతో, "అమ్మోయ్" అంది. నన్ను నవ్వించడానికి అందో, నిజంగా నొప్పికే అందో నాకు తెలియలేదు. ముఖం మీద కొంగు వేసుకునే ఓపిక దానికి లేదు. నేను వేశాను.

మందు ఇచ్చారు. రాత్రి నిద్రపోయింది.


అక్టోబరు 23

నిద్రపోయింది.


నవంబరు 1

రెండు చుట్టలు చుట్టాను. వెలిగించలేదు. వాసన చూస్తానంది. ముక్కు దగ్గర పెట్టాను. "గట్టిగా సుట్టినావు," అంది. ఆ మాట అర్థమయింది. తర్వాత అన్న మాటలు అర్థం కాలేదు.


నవంబరు 6, బుధవారం

పొద్దున పోయింది. చెయ్యి నా చేతిలోనే ఉంది, నేను కునుకు తీశాను.

మధ్యాహ్నం మోశారు. పాడె ముందు కొమ్ము నేనే పట్టాను. ముసలాడివి, నీవల్ల కాదు, ఒగ్గెయ్ అన్నారు. నా భుజం మీంచి ఎవరు తీస్తారో చూస్తానన్నాను. ఎవరూ తీయలేదు.

కుర్రవాళ్లు ఎండకి బేగి బేగి నడుస్తున్నారు. ఇసకలో కాళ్లు దిగి పాడె అటూ ఇటూ ఊగుతోంది.

మెల్లగా, కుదపకండిరా అన్నాను.